కరువు – కళ – సామాజిక చైతన్యం: అనంతపురం సాహిత్యం ఆధారంగా ఒక పరిశీలన

విషయక్రమం

1.0 లక్ష్యాలు
1.1 పరిచయం
1.2 సమాచారం – చైతన్యం
1.3 కరువు: సంఘటన లేని సమస్య
1.4 ఆకాశాన్ని అడిగిన జానపద కళ
1.5 నేలను అడిగిన కావ్యం: పెన్నేటి పాట
1.6 లెక్క అడిగిన కథ
1.7 జాలి, ప్రచారం, కళ
1.8 కళ మార్పు తెస్తుందా?
1.9 సారాంశం
1.10 పదకోశం
1.11 మాదిరి పరీక్ష ప్రశ్నలు

1.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:

• సమాచారానికీ చైతన్యానికీ ఉన్న తేడాను వివరించగలుగుతారు.
• కరువు వంటి సమస్యను జానపద కళ, కావ్యం, కథ ఏ విధంగా వేరువేరుగా చూశాయో చెప్పగలుగుతారు.
• సామాజిక సమస్యపై వచ్చిన ఒక రచనను విలువకట్టడానికి కావలసిన ప్రమాణాలను వాడగలుగుతారు.
• కళకూ సామాజిక మార్పుకూ ఉన్న సంబంధాన్ని, దాని పరిమితులను చర్చించగలుగుతారు.

1.1 పరిచయం

తొలకరి వాన పడగానే అనంతపురం జిల్లా వజ్రకరూరు చుట్టుపక్కల పొలాల్లో కొందరు తల వంచి నేలకేసి చూస్తూ నడుస్తుంటారు. వాన నీటికి పైమట్టి కొట్టుకొనిపోయి రాళ్లు బయటపడతాయి. వాటిలో ఒక వజ్రమైనా ఉండకపోతుందా అని వారి ఆశ. ఈ ఆశ ఆధారం లేనిది కాదు. వజ్రాలను మోసుకొని వచ్చే కింబర్లైట్ శిల ఈ ప్రాంతంలో నేల అడుగున గొట్టాల రూపంలో ఉన్నట్లు భూగర్భ శాస్త్రవేత్తలు ఏనాడో గుర్తించారు. ఊరి పేరులోనే వజ్రం ఉంది. అందుకే పక్క జిల్లాల నుంచీ, కర్ణాటక నుంచీ కూడా మనుషులు సద్దిమూట కట్టుకొని వస్తారు.

అదే తొలకరికి, అదే నేలలో రైతు శెనక్కాయ విత్తనం వేస్తాడు. అతనిదీ ఆశే. ఒకరు నేలలో ఉన్నదాన్ని వెతుకుతున్నారు, మరొకరు నేలలో పెట్టినది తిరిగి వస్తుందా అని చూస్తున్నారు. వజ్రం దొరికితే మరునాడు ఆ వార్త పత్రికలో వస్తుంది. ఊడ దిగే సమయానికి వాన లేక పంట ఎండిపోతే అది ఆ ఒక్క ఇంటి సంగతిగా మిగిలిపోతుంది. దొరికినవాడి కథను వార్త చెబుతుంది. దొరకనివారి కథను ఎవరు చెప్పాలి?

ఆ పనిని అనంతపురం ప్రాంతంలో ఎక్కువగా సాహిత్యమే తలకెత్తుకొంది. 'కళ సామాజిక సమస్యలపై చైతన్యం కలిగిస్తుంది, మార్పుకు ప్రేరణ ఇస్తుంది' అనే మాటను మనం తరచు వింటాం. పరీక్షల్లో రాస్తాం కూడా. ఆ మాట ఎంతవరకు నిజమో, ఏ అర్థంలో నిజమో ఈ కరువు నేల ఆధారంగా పరిశీలించడం ఈ భాగం ఉద్దేశం.

1.2 సమాచారం – చైతన్యం

ముందుగా ఒక చిన్న ప్రశ్న వేసుకొందాం. వజ్రకరూరు రైతుకు కరువు గురించి కవి కొత్తగా చెప్పగలిగింది ఏమైనా ఉందా? మబ్బు ఎటు పోతుందో, బావిలో నీరు ఎన్ని మట్లు దిగిందో, కసువు లేక పశువును సంతకు తోలినప్పుడు ఇంట్లో ఎంత నిశ్శబ్దం ఉంటుందో అతనికే బాగా తెలుసు. సమాచారం విషయంలో కవి కంటే రైతే పెద్ద.

అయితే సమాచారం వేరు, చైతన్యం వేరు. సమస్య ఉన్నదని తెలియడం సమాచారం. ఆ సమస్యతో తనకు గల సంబంధం తెలియడం, దానికి కారణాలున్నాయని, అవి మనుషులు మార్చగలిగినవని తెలియడం చైతన్యం. ఈ తేడాను ఇద్దరు పాఠకులను దృష్టిలో ఉంచుకొని చూస్తే మరింత స్పష్టమవుతుంది.

మొదటివాడు బయటి పాఠకుడు. కాలువ నీటి కింద పెరిగినవాడు, లేదా నగరంలో ఉన్నవాడు. అతనికి కళ కనిపించనిదాన్ని చూపిస్తుంది. రెండవవాడు లోపలి పాఠకుడు, కరువులో బతికేవాడు. అతనికి కళ ఇచ్చేది ఒక ఎరుక. 'ఇది నా తలరాత కాదు, నా చేతగానితనం అంతకన్నా కాదు' అనే ఎరుక అది.

ఈ రెండవ ప్రయోజనాన్ని తక్కువగా చూడకూడదు. 1990ల చివరి నుంచి అనంతపురం జిల్లా రైతుల ఆత్మహత్యల కారణంగా దేశమంతటా చర్చకు వచ్చింది. అప్పు తీర్చలేని రైతు తననే దోషిగా భావించుకొంటాడు. పదిమందిలో తల ఎత్తుకోలేననుకొంటాడు. ఆ అవమానాన్ని ఒక మనిషి నెత్తి మీద నుంచి దింపి, దాని అసలు కారణాల ముందు నిలబెట్టడం రచన చేయగలిగిన పని. ప్రాణానికి సంబంధించిన పని కూడా.

1.3 కరువు: సంఘటన లేని సమస్య

కొన్ని సమస్యలకు ఒక సంఘటన ఉంటుంది. తుపాను వచ్చిన రోజు ఉంటుంది, వంతెన కూలిన రోజు ఉంటుంది. కరువుకు అటువంటి రోజు లేదు. వాన ఫలానా రోజున 'రాలేదు' అని చెప్పలేం. అది మెల్లగా వస్తుంది, మెల్లగానే ఇంటిని ఖాళీ చేస్తుంది. అందుకే దాన్ని చూపడం వార్తకు కష్టం.

అనంతపురం ప్రాంతంలో సాధారణ వార్షిక వర్షపాతం దాదాపు 550 మిల్లీమీటర్లు. నైరుతి రుతుపవనాలను పడమటి కనుమలు అడ్డుకొంటాయి. ఈశాన్య రుతుపవనాలు తూర్పు తీరం దాటి ఇంత లోపలికి వచ్చేసరికి బలహీనపడతాయి. ఇది ప్రకృతి పెట్టిన ఇబ్బంది. దాని మీద మనుషులు పెట్టిన ఇబ్బందులు కూడా ఉన్నాయి. ఒకప్పుడు కొర్ర, సజ్జ, జొన్న, ఆరిక, కంది కలిపి వేసుకొనే మెట్ట పొలాలు క్రమంగా ఒకే పంటకు, అంటే శెనక్కాయకు మారాయి. నూనెగింజలకు వచ్చిన గిరాకీ, ప్రభుత్వ ప్రోత్సాహం, చేతికి డబ్బు వస్తుందన్న ఆశ ఇందుకు కారణాలు. ఒక దశలో ఈ ఒక్క జిల్లాలోనే ఏడు లక్షల హెక్టార్లకు పైగా వేరుశనగ సాగయింది. కొర్ర పండితే కనీసం ఇంటికి తిండి, పశువుకు మేత దక్కేది. శెనక్కాయ పోతే తిండీ ఉండదు, డబ్బూ ఉండదు, విత్తనం కోసం చేసిన అప్పు మాత్రం ఉంటుంది. చెరువులు పూడిపోయాయి. బోర్లు లోతుకు, ఇంకా లోతుకు పోయాయి.

అంటే కరువులో వాన భాగం ఒకటి, వ్యవస్థ భాగం ఒకటి. వాన భాగం అందరికీ కనిపిస్తుంది. వ్యవస్థ భాగం సులభంగా కనిపించదు. 1996లో వెలువడిన పాత్రికేయుడు పాలగుమ్మి సాయినాథ్ ఇంగ్లీషు గ్రంథం పేరుకు 'మంచి కరువంటే అందరికీ ఇష్టమే' అని భావం. దేశంలోని అత్యంత పేద జిల్లాల గురించి రాసిన ఆ గ్రంథం పేరులోని వ్యంగ్యం ఈ రెండవ భాగాన్నే వేలెత్తి చూపుతుంది. కరువు కొందరికి నష్టమైతే, కరువు సహాయం మరికొందరికి లాభం.

సామాజిక సమస్యపై వచ్చిన కళను పరిశీలించేటప్పుడు మనం అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే: ఆ రచన సమస్యలోని ఏ భాగాన్ని చూపింది?

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
1. సమాచారానికీ చైతన్యానికీ తేడా ఏమిటి?
2. కరువును 'సంఘటన లేని సమస్య' అని ఎందుకు అన్నాం?

1.4 ఆకాశాన్ని అడిగిన జానపద కళ

కరువుపై కళ ఆధునిక రచయితలతో మొదలు కాలేదు. వాన రాకపోతే కప్పను రోకలికి కట్టి ఇంటింటికీ తిప్పి, దాని మీద నీళ్లు పోయించి పాడే కప్పతల్లి ఆట తెలుగు పల్లెలన్నిటికీ తెలుసు. భారతంలోని విరాటపర్వం చదివిస్తే వాన కురుస్తుందన్న నమ్మకంతో గుడి ముందు పురాణం పెట్టించడం కూడా పాత అలవాటే.

వీటిని మూఢనమ్మకాలని తోసివేసి ముందుకు పోవడం సులభం. కానీ విమర్శకుడు కొంచెం ఆగి చూడాలి. కప్పతల్లి ఆటలో నీళ్లు లేని ఊరు తన దగ్గర ఉన్న చెంబెడు నీళ్లను ఒక చిన్న ప్రాణి మీద పోస్తుంది. ప్రతి గడపా అందులో పాలుపంచుకొంటుంది. ఎవరి కష్టం వారిదిగా ఉన్నది కొంతసేపు ఊరందరి కష్టం అవుతుంది. కళ చేసే పనుల్లో మొదటిది ఇదే. విడివిడిగా అనుభవిస్తున్నదాన్ని ఉమ్మడి అనుభవంగా మార్చడం.

తోలుబొమ్మలాటలో మరొక సంగతి గమనించవచ్చు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట ఈ కళకు పేరుపొందిన ఊరు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ పురస్కారం ప్రకటించారు. తెర మీద రామాయణం నడుస్తున్నా, మధ్యలో కేతిగాడు, బంగారక్క వచ్చి ఊరి సంగతులు మాట్లాడతారు. రాముడు మాట్లాడలేని మాటను కేతిగాడు మాట్లాడగలడు. పెద్దల మీద విసురు, ధరల మీద విసురు హాస్యంలో కలిసి పోతాయి. నేటి సమస్యను పాత కథలోకి తెచ్చుకొనే వాకిలి అక్కడ ఉంది.

అయినా ఈ కళల ప్రధానమైన అభ్యర్థన ఆకాశానికే. 'వాన ఎందుకు రాలేదు?' అన్నదే వాటి ప్రశ్న. 'వచ్చిన నీరు ఎటు పోయింది?' అనే ప్రశ్న ఇంకా పుట్టలేదు.

1.5 నేలను అడిగిన కావ్యం: పెన్నేటి పాట

ఆ ప్రశ్నను తెలుగు కవిత్వంలో బలంగా వేసినవాడు విద్వాన్ విశ్వం (1915–1987). ఆయన అనంతపురం జిల్లా తరిమెలలో పుట్టాడు. అదే ఊరివాడైన తరిమెల నాగిరెడ్డితో కలిసి అనంతపురంలో 'నవ్యసాహిత్యమాల' పేరుతో పుస్తక ప్రచురణ నడిపాడు. సంస్కృతం క్షుణ్ణంగా చదివిన పండితుడు, వామపక్ష భావాలు గల పాత్రికేయుడు. ఈ రెండూ ఒక మనిషిలో కలవడం వల్లనే 'పెన్నేటి పాట' (1956) సాధ్యమయింది.

కావ్యానికి నేపథ్యం ఎండిన పెన్న. ఒకప్పుడు బాగా బతికిన రైతు కుటుంబంలో పుట్టి, కాలక్రమంలో కూలివాడుగా మారిన రంగడు, అతని భార్య గంగమ్మ ప్రధాన పాత్రలు. సంప్రదాయ కావ్యంలో నాయకుడు రాజు కావాలి. నదీవర్ణన అంటే నిండుగా పారే నదిని వర్ణించడం. ఇక్కడ నదిలో నీరు లేదు, నాయకుడి ఇంట గింజ లేదు. కావ్య లక్షణాలు తెలిసిన పండితుడే ఆ లక్షణాలను ఒక పేద జంట చుట్టూ తిప్పాడు. ఆ పని చేయడంలోనే ఒక వాదన ఉంది. కావ్యానికి తగిన గౌరవం వీరికీ ఉందని కవి మాటల్లో వాదించలేదు, రాసి చూపించాడు. పద్యమూ, పాటా రెండూ కలిసి నడిచే ఆ రచన పండితుల చదువుకూ పల్లె చెవికీ మధ్య దారి వేసింది.

రంగడి పతనం ఒక్క ఏడు వాన రాకపోవడం వల్ల జరిగింది కాదు. భూమి చేయి దాటడం, రైతు కూలీ కావడం అనేవి ఆర్థిక సంబంధాల్లో జరిగే మార్పులు. కరువు కథను కవి ఒక కుటుంబ చరిత్రగా చెప్పడం వల్ల పాఠకుడికి ఈ మార్పు క్రమం అర్థమవుతుంది. 'రంగడు పేదవాడు' అన్నది సమాచారం. 'రంగడు పేదవాడు ఎలా అయ్యాడు' అన్నది చైతన్యం.

అయితే ఈ కావ్యాన్ని ప్రశ్నించకుండా చదవకూడదు. గత వైభవాన్ని తలచుకొని నేటి దైన్యానికి బాధపడటం ఇందులో బలంగా వినిపించే స్వరం. 'రతనాల సీమ రాళ్ల సీమ అయింది' అనే ధోరణి రాయలసీమ సాహిత్యంలో తరువాత చాలా చోట్ల కనిపిస్తుంది. వజ్రకరూరు వంటి ఊరి పేరు వింటే ఆ మాట అక్షరాలా నిజమనిపిస్తుంది కూడా. కానీ రతనాలు అమ్మిన కాలంలో మెట్ట రైతు సుఖంగా ఉన్నాడా? వజ్రం రాజు ఖజానాకు చేరింది. కరువు అప్పుడూ ఉంది. 'రతనాల సీమ' అనే మాట ఆత్మగౌరవం ఇస్తుంది, అదే సమయంలో పాత కాలపు అసమానతలను కప్పిపెడుతుంది.

ఈ లోటును చాలా కాలం తరువాత అదే జిల్లా రచయిత బండి నారాయణస్వామి 'శప్తభూమి' నవలతో కొంత పూరించాడు. 18వ శతాబ్దంలో హండే పాలకుల కాలం నాటి అనంతపురాన్ని అందులో ఆయన చిత్రించాడు. రాజుల కీర్తి కంటే కింది కులాల బతుకు మీద ఆ నవల దృష్టి ఎక్కువ. ఈ నవలకు 2019 కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ఒక రచన వేసిన ప్రశ్నను మరొక రచన సరిదిద్ది ముందుకు తీసుకొనిపోవడం సజీవమైన సాహిత్యానికి గుర్తు.

1.6 లెక్క అడిగిన కథ

కావ్యం తరువాత ఈ బాధ్యతను కథ తీసుకొంది. సింగమనేని నారాయణ (1943–2021) అనంతపురం జిల్లా రైతు జీవితాన్ని కథలుగా రాసినవారిలో ముఖ్యుడు. ఆయన కథ 'జూదం' పేరు ఈ ప్రాంతపు వ్యవసాయానికి ఒక నిర్వచనంలా నిలిచిపోయింది.

ఆ పేరును కాస్త విప్పి చూద్దాం. వర్షాధారంగా శెనక్కాయ వేసే రైతు వాన వస్తుందో రాదో తెలియకముందే విత్తనానికి, ఎరువుకు డబ్బు పెట్టాలి. పదును దొరికితే విత్తాలి. పూత సమయానికి ఒక వాన, ఊడ దిగే సమయానికి ఒక వాన కావాలి. అన్నీ కలిసివచ్చి కాయ చేతికందితే ధర ఎంతో అతను చెప్పలేడు. ఊళ్లో అందరికీ పండిన ఏడు ధర పడిపోతుంది. ఇన్ని చోట్ల ఇతరుల చేతిలో ఉన్న పనిని జూదం అనడం సరైన మాటే.

కానీ ఈ ఉపమానానికి ఒక ప్రమాదం కూడా ఉంది. జూదంలో ఓడినవాడిని లోకం జాలిగా చూడదు, తప్పు అతనిదే అంటుంది. జూదరి కావాలంటే ఆట మానుకోవచ్చు. రైతు మానుకోలేడు. కాబట్టి ఆ పేరు చదివినప్పుడు మనం మరో రెండు ప్రశ్నలు వేసుకోవాలి. పలక పరచింది ఎవరు? ఈ మనిషికి ఆడకుండా లేచిపోయే దారి ఎందుకు లేదు? ఈ ప్రశ్నలు వేసుకొంటేనే ఆ మాట రైతును నిందించే మాటగా కాక, వ్యవస్థను లెక్క అడిగే మాటగా నిలుస్తుంది. వజ్రకరూరు పొలాల్లో రాయి వెతికేవాడినీ, విత్తనం వేసేవాడినీ పక్కపక్కన నిలబెట్టి చూస్తే ఈ తేడా తెలుస్తుంది. మొదటివాడు ఒక రోజు కూలి పోగొట్టుకొంటాడు. రెండవవాడు ఏడాది బతుకునే పందెం పెడతాడు.

భాష విషయం కూడా ఇక్కడ చెప్పుకోవాలి. బండి నారాయణస్వామి రాసిన ఒక కథ పేరు 'వానరాలె'. సీమ మాటలో 'రాలె' అంటే రాలేదు అని. ఇతర ప్రాంతాల పాఠకుడు మొదటిసారి వింటే 'వాన రాలింది' అని కూడా అనుకోవచ్చు. ఒకే మాట ఒకరికి వాన, ఒకరికి కరువు. మాండలికంలో రాయడం అలంకారం కోసం కాదనడానికి ఇదొక మంచి ఉదాహరణ. ఆ మాటను సరిగ్గా వినడానికి బయటి పాఠకుడు ఒక అడుగు ముందుకు రావాలి. లోపలి పాఠకుడికి మాత్రం తన ఇంట్లో మాటే అచ్చులో కనిపిస్తుంది.

ఇదే తరంలో శాంతినారాయణ, చిలుకూరి దేవపుత్ర వంటి రచయితలు ఈ ప్రాంత జీవితాన్ని మరిన్ని వైపుల నుంచి రాశారు. దేవపుత్ర నవల 'పంచమం' దళిత జీవితం కేంద్రంగా నడుస్తుంది. కరువు అందరికీ ఒకటే అనే మాటను ఇటువంటి రచనల వెలుగులో మళ్లీ చూడాలి. భూమి ఉన్నవాడికి కరువు అంటే పంట పోవడం. భూమి లేనివాడికి కరువు అంటే పని పోవడం, ఊరు విడిచి వలస పోవడం. ఇంట్లో ఆడమనిషికి అదే కరువు బిందెతో నడిచే దూరం, ఆఖరున తినే ముద్దలో తగ్గే భాగం. ఎవరి కరువును ఎవరు రాశారు అన్నది విమర్శలో తప్పనిసరి ప్రశ్న.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 2
1. సంప్రదాయ కావ్య లక్షణాలను 'పెన్నేటి పాట' ఏ విధంగా మార్చింది?
2. వ్యవసాయాన్ని జూదంతో పోల్చడంలోని బలం, ప్రమాదం ఏమిటి?

1.7 జాలి, ప్రచారం, కళ

సమస్యను చూపే ప్రతి చిత్రమూ, ప్రతి పాటా చైతన్యం కలిగిస్తుందని చెప్పలేం. రెండు దారితప్పిన పద్ధతులను గుర్తుపెట్టుకోవాలి.

మొదటిది జాలి. 1876–78 నాటి మహాక్షామం మద్రాసు రాజధానిని వల్లకాడు చేసింది. బళ్లారి, నేటి అనంతపురం ప్రాంతాలు అప్పుడు అందులోనివే. విలోబీ హూపర్ అనే సైనికాధికారి ఆ క్షామంలో ఎముకలు తేలిన మనుషులను వరుసగా కూర్చోబెట్టి ఫొటోలు తీశాడు. ఆ చిత్రాల్లో ఆకలి ఉంది, మనిషి లేడు. వారి పేర్లు లేవు, ఊర్లు లేవు, ఆ స్థితికి కారణం లేదు. చూసేవాడు అయ్యో అంటాడు, అక్కడితో ఆగిపోతాడు. వాటి పక్కన చిత్తప్రసాద్ 1943 బెంగాల్ క్షామంలో మిడ్నపూర్ జిల్లా తిరిగి వేసిన రేఖాచిత్రాలను ఉంచి చూడండి. ఆయన మనుషులతో మాట్లాడాడు, బొమ్మతోపాటు వారి సంగతులూ రాశాడు. 'హంగ్రీ బెంగాల్' పేరుతో వెలువడిన ఆ పుస్తకం ప్రతులను బ్రిటిష్ ప్రభుత్వం స్వాధీనం చేసుకొని నాశనం చేసింది. జాలి పుట్టించే బొమ్మకు ప్రభుత్వాలు భయపడవు. కారణం చెప్పే బొమ్మకు భయపడతాయి.

రెండవది ప్రచారం. కుటుంబ నియంత్రణ, అక్షరాస్యత, ఆరోగ్యం వంటి విషయాల ప్రచారానికి ప్రభుత్వ శాఖలు బుర్రకథను, తోలుబొమ్మలాటను వాడుకొన్నాయి. ఇది ఉపయోగకరమైన పనే. కళాకారులకు కొంత ఉపాధి కూడా. కాని ప్రచారంలో జవాబు ముందే సిద్ధంగా ఉంటుంది, ప్రేక్షకుడు దాన్ని అంగీకరించాలి. కళలో ప్రశ్న మిగిలి ఉంటుంది, ప్రేక్షకుడు దాన్ని ఇంటికి మోసుకొనిపోవాలి. ప్రచారం 'ఇలా చేయండి' అంటుంది. కళ 'ఇలా ఎందుకు ఉంది?' అంటుంది.

ఇంతవరకు చూసినదాని ఆధారంగా సామాజిక సమస్యపై వచ్చిన రచనను పరిశీలించడానికి నాలుగు ప్రమాణాలు ఏర్పరచుకోవచ్చు.

అ) మనిషి: బాధితుడు ఆలోచించే మనిషిగా కనిపిస్తున్నాడా, కేవలం జాలి పడవలసిన రూపంగా కనిపిస్తున్నాడా?
ఆ) కారణం: సమస్యలోని మానవ నిర్మితమైన భాగం కనిపిస్తున్నదా?
ఇ) భాష: ఆ భాషలో అక్కడి మనుషులు తమను తాము గుర్తుపట్టగలరా?
ఈ) మిగులు: చదవడం ముగిశాక పాఠకుడి దగ్గర కన్నీరు మాత్రమే మిగిలిందా, ప్రశ్న కూడా మిగిలిందా?

1.8 కళ మార్పు తెస్తుందా?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. దీనికి రెండు తేలిక జవాబులున్నాయి. 'తెస్తుంది' అని ఉత్సాహంగా చెప్పడం ఒకటి. 'పద్యం రాస్తే వాన కురుస్తుందా' అని కొట్టిపారేయడం మరొకటి. రెండూ సరిపోవు.

తెలుగులో ఎక్కువమంది ఉదహరించే రచన గురజాడ 'కన్యాశుల్కం'. 1892లో విజయనగరంలో ప్రదర్శించిన ఆ నాటకం ఆడపిల్లలను అమ్మే ఆచారాన్ని నవ్వులపాలు చేసింది. ఆచారం తరువాత తగ్గిపోయింది. కానీ అది ఒక్క నాటకం వల్లనే పోలేదు. సంస్కరణోద్యమం, ఇంగ్లీషు చదువులు, ఉద్యోగాలు పెళ్లి లెక్కలనే తారుమారు చేశాయి. శుల్కం పోయి వరకట్నం పెరిగింది. దాని మీద కాళ్లకూరి నారాయణరావు 'వరవిక్రయం' నాటకం రాయవలసి వచ్చింది. కళ ఒక దురాచారాన్ని సిగ్గుపడేలా చేయగలదు. దాని వెనుక ఉన్న ఆర్థిక కారణం మారకపోతే అది మరో వేషంలో తిరిగి వస్తుంది.

మరోవైపు సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన 'మా భూమి' నాటకం ఉంది. తెలంగాణ రైతాంగ పోరాట కాలంలో ప్రజానాట్యమండలి దళాలు దాన్ని ఊరూరా ఆడాయి. మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. ఆ నాటకానికి అంత బలం రావడానికి కారణం, దాన్ని చూసి లేచినవారు చేరడానికి ఒక ఉద్యమం అప్పటికే ఉండటం.

కరువు విషయానికి వస్తే, సీమ నీటి గొంతు రాజకీయాల్లో ఏనాటి నుంచో ఉంది. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు 'దత్త మండలం' అనే పేరు బదులు 'రాయలసీమ' అనే పేరును ప్రతిపాదించాడు. దత్త మండలం అంటే ఎవరో ఎవరికో ఇచ్చేసిన నేల. కొత్త పేరు ఆ నేలకు తనదైన చరిత్ర ఇచ్చింది. 1937 శ్రీబాగ్ ఒడంబడికలో నదీజలాల్లో సీమ అవసరాలకు ప్రాధాన్యం ఇవ్వాలన్న మాట చేరింది. ఆ మాట నెరవేరలేదన్న ఆవేదన తరువాతి ఉద్యమాల్లోనూ, రచనల్లోనూ ఒకే గొంతుగా వినిపిస్తుంది.

2006 ఫిబ్రవరి 2న జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని అప్పటి ప్రధానమంత్రి అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో ప్రారంభించారు. ఈ పథకం కథల వల్ల వచ్చిందని చెప్పడం అతిశయోక్తి. దాని వెనుక దేశవ్యాప్తంగా నడిచిన ప్రజా ఉద్యమాలు, పార్లమెంటు 2005లో చేసిన చట్టం ఉన్నాయి. కానీ దేశమంతటికీ వర్తించే పథకాన్ని ప్రారంభించడానికి ఈ నేలను ఎంచుకోవడం, ఈ జిల్లా పేరు కరువుకు గుర్తుగా దేశానికి తెలిసిపోయిందని చూపుతుంది. ఒక ప్రాంతపు మౌన బాధ పదిమంది నోళ్లలో నానే మాట కావడంలో పాత్రికేయులు, ఉద్యమకారులతోపాటు కవులకూ కథకులకూ వాటా ఉంది. ఆ వాటా ఎంత అని తూకం వేయలేం. లేదని మాత్రం అనలేం.

మరొక నైతిక ప్రశ్న కూడా ఉంది. 1936లో అమెరికాలో డొరొతియా లాంజ్ తీసిన వలస తల్లి ఫొటో లోకప్రసిద్ధం. అది పత్రికలో రాగానే ఆ కూలీల శిబిరానికి ప్రభుత్వం ఆహారం పంపింది. అప్పటికే ఆ తల్లి కుటుంబం అక్కడి నుంచి వెళ్లిపోయింది. చిత్రం ఎందరికో మేలు చేసింది, చిత్రంలోని మనిషికి మాత్రం చేయలేదు. పేరు, బహుమతి రచయితకు వస్తాయి. రంగడికీ గంగమ్మకూ ఏమి వస్తుంది? ఈ ప్రశ్నకు పూర్తి జవాబు లేదు. అయితే ఆ అప్పు తీర్చే బాధ్యత రచయితతోపాటు పాఠకుడి మీద కూడా ఉంది. చదివినవాడు పంచాయతీ సభలో చెరువు పూడిక గురించి అడిగినప్పుడు, పంట నష్టం జాబితాలో పేరు లేని కౌలురైతు గురించి అడిగినప్పుడు, ఆ అప్పులో కొంత తీరుతుంది.

1.9 సారాంశం

కరువులో వాన లేమితోపాటు మానవ నిర్మితమైన కారణాలు కూడా ఉంటాయి. జానపద కళలు కరువును ఊరి ఉమ్మడి అనుభవంగా మార్చాయి, అయితే ఆకాశాన్నే అడిగాయి. విద్వాన్ విశ్వం 'పెన్నేటి పాట' ఒక పేద జంటకు కావ్య గౌరవం ఇచ్చి, పేదరికం ఎలా వచ్చిందో చూపింది. దానిలోని గత వైభవ దృష్టిని తరువాతి రచనల వెలుగులో పరిశీలించాలి. సింగమనేని నారాయణ, బండి నారాయణస్వామి వంటి కథకులు రైతు బతుకులోని లెక్కలను సీమ భాషలో ముందుకు తెచ్చారు. జాలి, ప్రచారం చైతన్యంతో సమానం కావు. కళ ఒంటరిగా మార్పు తీసుకొనిరాదు. తలరాత అనుకొన్నదాన్ని అడగదగిన ప్రశ్నగా మారుస్తుంది. ఆ ప్రశ్నను అడగడం సమాజం పని.

వచ్చే తొలకరికి వజ్రకరూరు పొలాల్లో మళ్లీ మనుషులు వజ్రాల కోసం వెతుకుతారు. దొరికినవాడి పేరు పత్రికలో చదివినప్పుడు, ఆ పక్క చెక్కలో విత్తనం వేసినవాడి సంగతి ఏమయిందని మీకు తోస్తే, ఈ పాఠం ఉద్దేశం నెరవేరినట్లే.

1.10 పదకోశం

శెనక్కాయ: వేరుశనగ
పదును: విత్తడానికి చాలినంత తడి నేలలో ఉండటం
ఊడ: వేరుశనగ పూత తరువాత నేలలోకి దిగి కాయగా మారే భాగం
మట్టు: బావిలో దిగడానికి కట్టిన మెట్టు
కసువు: పశువుల మేత, గడ్డి
చెక్క: పొలంలో ఒక భాగం

1.11 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. కరువును జానపద కళ, కావ్యం, కథ చూసిన తీరులోని తేడాలను సోదాహరణంగా వివరించండి.
2. 'కళ ఒంటరిగా మార్పు తీసుకొనిరాదు' – ఈ అభిప్రాయాన్ని 'కన్యాశుల్కం', 'మా భూమి' నాటకాల ఆధారంగా చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. 'రతనాల సీమ' అనే భావనలోని బలాన్ని, లోపాన్ని తెలపండి.
2. ప్రచారానికీ కళకూ తేడా ఏమిటి?
3. కరువు చిత్రణలో హూపర్, చిత్తప్రసాద్‌ల మధ్య భేదాన్ని వివరించండి.

III. అభ్యాసం
మీ ఊళ్లో అందరూ 'తలరాత' అని సరిపెట్టుకొనే ఒక సమస్యను ఎన్నుకోండి. దాని మీద మీరు విన్న ఒక పాటను గానీ, చదివిన ఒక కథను గానీ, చూసిన ఒక నాటకాన్ని గానీ 1.7లోని నాలుగు ప్రమాణాలతో పరిశీలించి ఒక పుట రాయండి. అటువంటి రచన ఏదీ మీకు దొరకకపోతే, ఎందుకు లేదో ఆలోచించి రాయండి.